ఎడమచేతి గోళ్ళు

నా భార్య చిలకమ్మ పోయిన రోజు ఆదివారం. ఆ పొద్దున పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆమె కుడిచేయి అందుకుని బొటనవేలి గోరు నొక్కి చూశాడు. గోరు నిండా గోరింటాకు. అంతకు తొమ్మిది రోజుల ముందు, ఆషాఢం అని పెట్టుకున్నది. బాగా పండింది. ఆయన ఆ వేలిని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. తర్వాత పక్కనుంచి చూశాడు. గోరు మధ్యలో పల్లంగా, ఉప్పు తీసుకునే చిన్న చెంచాలా ఉంది.

"గోళ్ళు ఇలా ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయండీ?" అని నన్ను అడిగాడు.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది. నెలల నుంచీ అయి ఉంటుంది. ఈ రంగు మూలాన పైకి తెలియలేదు" అన్నాడాయన. తప్పు పట్టినట్టు అనలేదు. మెల్లగానే అన్నాడు. రక్తం ఎక్కించారు. అయిదు రోజులుగా ఉన్న జ్వరం మాత్రం దిగలేదు. సాయంత్రం నాలుగున్నరకు ఆమె పోయింది.

నేను కంచరపాలెం మునిసిపల్ ఎలిమెంటరీ స్కూల్లో అయిదో తరగతి మేష్టర్ని. పేరు శ్రీరామ్మూర్తి. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక మా తరగతి పిల్లలు బల్లల మీద చేతులు బోర్లా పెట్టి కూర్చుంటారు. నేను వరసల మధ్య నడుస్తూ గోళ్ళు చూస్తాను. పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. ఎవరి గోటి కింద బొగ్గు ఉందో, ఎవరి గోటి కింద పిండి ఉందో దూరం నుంచే చెప్పగలను. మా ఇంట్లో ఉన్న రెండు చేతుల సంగతి నాకు తెలియలేదు.

ఆ చేతులు నా దగ్గరికి రాని చేతులు కావు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చిలకమ్మ పెరటి గుమ్మంలో పీట వేసి, ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి నన్ను పిలిచేది. నీళ్ళ వేడి చూడడానికి చిటికెనవేలి గోరు మాత్రమే ముంచేది. గోటికి హాయిగా ఉంటే అదే గోరువెచ్చన అనేది. తెలుగు చెప్పే నాకు ఆ మాట ఎందుకు అలా ఉందో అప్పటిదాకా తోచలేదు.

చాక్‌పీసు పొడికి నా వేళ్ళు పగిలి ఉండేవి. ఆమె వాటిని గిన్నెలో నాననిచ్చి, పిండేసిన నిమ్మచెక్కతో ఒక్కొక్క గోరూ రుద్దేది. పాత మెత్తటి గుడ్డతో గోటి మొదట్లో చర్మాన్ని వెనక్కి ఒత్తేది. పిన్నీసు పెట్టి గోటి కింద గీకితే ఒప్పుకునేది కాదు, వేపపుల్లే వాడాలి. తర్వాత గోళ్ళు తీసి, కొబ్బరినూనె వెచ్చజేసి రాసేది.

"ఏటి మేష్టారూ ఈ సేతులు! నల్లబల్ల తుడిసీ గుడ్డ నయం."

"చేతులు. తుడిచే గుడ్డ" అని దిద్దేవాణ్ణి.

"దిద్దుడు మీ బళ్ళో. ఇక్కడ నాను మేష్టర్ని. ఆ రెండో సెయ్యి ఇలాగివ్వండి."

గోళ్ళు తీయడానికి ఆమె వాడేది పోర్టు గేటు దగ్గర ఓడల సామాను అమ్మే మనిషి దగ్గర కొన్న నెయిల్ కట్టరు. దాని మీద మాకు చదవడం రాని అక్షరాలు ఉన్నాయి. ఆమె దాన్ని ఓడకత్తెర అనేది. తీసిన గోళ్ళను క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి పెరటి గోడ అవతల పారేసేది. గోళ్ళు ఇంట్లో ఉంచకూడదని ఆమె పట్టింపు. నా పని అయ్యాక మా అమ్మాయి గౌరి వంతు. అప్పటికి నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి. తన గోళ్ళు ఆమె ఎప్పుడు తీసుకునేదో నేను చూడలేదు.

ఆ ఆషాఢంలో గోరింటాకు రుబ్బి గౌరి పది వేళ్ళకూ, తన పది వేళ్ళకూ పెట్టుకున్నాక, ముద్ద కొంచెం మిగిలింది. ఏటా నా చిటికెనవేలికి కాస్త పెట్టేది. ఈ ఏడు వద్దన్నాను.

"సిటికినేలికి పెడితే ఏటవుద్ది? ఏడాదికోసారేగదా."

"పిల్లలు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీండి. పిల్లల్ని ఏడిపించడమే తెలుసేటి మేష్టర్లకి?"

మిగిలిన ముద్దను గౌరి పాదాలకు పెట్టింది.

*

పదిహేనో రోజు తర్వాత చుట్టాలందరూ వెళ్ళిపోయారు. గౌరికి పదేళ్ళు. నా తరగతిలోనే చదువుతోంది. ఆదివారం మధ్యాహ్నం నేను పెరటి గుమ్మంలో పీట వేసి, గిన్నెలో నీళ్ళు పోశాను. గౌరి వచ్చి కూర్చుంది. నేను మోచేయి ముంచి వేడి చూడబోతే, "అలగ కాదు నాన్నా, గోరు ముంచాలి" అంది.

ఆ రోజు నేను గౌరి చేతులు చాలాసేపు చూశాను. గోళ్ళ నిండా గోరింటాకు ఉంది. అడుగున ఏ రంగు ఉందో తెలియడం లేదు. పక్కనుంచి చూస్తే పల్లంగా లేవు, కాస్త ఉబ్బుగానే ఉన్నాయి. అయినా నా మనసు కుదుటపడలేదు. గోటి మొదట్లో సన్నటి గీతంత మేర కొత్త గోరు వచ్చి ఉంది. అది లేత ఎరుపుగా ఉంది. దాన్ని నొక్కి వదిలాను. తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది.

అప్పటి నుంచి నాకు అదే పని అయింది. చోడి, అదే రాగి అంబలి కాచి పొద్దున్నే తాగించేవాణ్ణి. తోటకూర, బెల్లం, మునగాకు, ఎవరు ఏది మంచిదంటే అది పెట్టేవాణ్ణి. వారం వారం ఆ గీత పెరగడం చూసేవాణ్ణి. శ్రావణం సగమయ్యేసరికి వడ్లగింజంత వెడల్పయింది. వినాయక చవితి ముందు రోజు గోళ్ళు కొంచెం తీశాను. అప్పటికి గోటిలో సగం పైగా కొత్తది. శుభ్రమైన రంగు. గోరింటాకు పైకి జరిగిపోతున్న కొద్దీ నాకు ధైర్యం వచ్చేది. ఆ మాట గౌరితో పైకి అన్నాను కూడా. "చూడు, అప్పుడే ఎంత పోయిందో" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చక్కిలిగింత అనుకున్నాను.

ఆ తర్వాత గోళ్ళు తీయనివ్వడం మానేసింది. నేను ఓడకత్తెర తీసినప్పుడల్లా ఒక కారణం చెప్పేది.

"ఈ రోజు మంగళవారం కాదేటి నాన్నా!"

"శుక్రవారం గోళ్ళు తీస్తే లక్ష్మి వెళ్ళిపోద్దంట."

శనివారం కూడా కూడదంది. సోమవారం శివుడి వారమంది. పుట్టినవారం అసలు ముట్టుకోకూడదంది. "ఆదివారం పుట్టాను కదా" అంది ఒక ఆదివారం.

"నువ్వు గురువారం పుట్టావమ్మా. నేను అక్కడే ఉన్నాను."

"అయితే గురువారం కూడా కాదు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. "సరే, మరి ఈవేళ ఆదివారమే కదా. మీ అమ్మ తీసేది ఆదివారాలే. ఈవేళ తీద్దాం" అన్నాను.

"ఆదివారం అమ్మ పోయినవారం" అంది.

నేను ఓడకత్తెర డబ్బాలో పెట్టేశాను.

పక్కింటి అసిరమ్మ ఇవన్నీ నూరిపోస్తోందని అనుకున్నాను. అసిరమ్మ పెద్దావిడ. హార్బరు దగ్గర షెడ్డులో రొయ్యలు వొలిచే పనికి వెళుతుంది. సాయంత్రం వచ్చి గట్టు మీద కూర్చుని చింతపండుతో, నిమ్మచెక్కతో చేతులు తోముకుంటుంది. గౌరి ఆ వేళకు అక్కడే ఉంటుంది. తల్లి లేని పిల్ల, ఒక ఆడమనిషి దగ్గర కూర్చుంటే మంచిదేనని నేను ఏమీ అనలేదు.

*

దసరా సెలవుల తర్వాత బడి తెరిచారు. సోమవారం గోళ్ళు చూస్తున్నాను. చిలకమ్మ పోయాక నేను స్కేలుతో కొట్టడం మానేశాను. మురికి ఉన్న వాళ్ళను కుళాయి దగ్గరికి పంపుతున్నాను, పెరిగి ఉన్న వాళ్ళను మర్నాడు తీయించుకుని రమ్మంటున్నాను. గ్యాంగుమాను కూతురు జోగమ్మ చేతులు చూశాను. తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని రోజూ పట్టాల మీంచి వస్తుంది. గోళ్ళ నిండా నల్లగా గ్రీజు.

"వెళ్ళి కడుక్కురా. రేపటికి గోళ్ళు తీయించుకో."

జోగమ్మ లేచింది. రెండడుగులు వేసి ఆగింది.

"మేష్టారండీ, మరి గౌరి సెయ్యో?"

గౌరి జోగమ్మ పక్కనే కూర్చుని ఉంది. చేతులు అందరిలాగే బోర్లా పెట్టి ఉంది. గోళ్ళు వేళ్ళను దాటి చాలా పొడవు వచ్చాయి. చివర మాత్రమే ఎర్రగా ఉన్నాయి. తక్కిన వాళ్ళలో ఎవరి గోళ్ళూ అంత పొడవు లేవు. నేను ఆ బల్ల దాటి వచ్చేశానని నాకు అప్పుడు తెలిసింది.

"గౌరి కూడా తీయించుకుని వస్తుంది. వచ్చే సోమవారానికి" అన్నాను.

"నాకు రేపటికండీ, గౌరికి సోమవారానికాండీ?" అంది జోగమ్మ. ఎదిరించి అనలేదు. లెక్క సరిపోలేదని అడిగింది.

"ఇద్దరికీ సోమవారానికే" అన్నాను.

ఇంటర్వెల్లో డ్రిల్లు మేష్టరు జగ్గారావు టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. మాకు చుట్టరికం లేదు. అయినా పదేళ్ళుగా బావా అనే పిలుస్తాడు.

"ఏటి బావా, మీ గుంటకి గోళ్ళ మీద పర్మిషనిచ్చీసేవంట! మేష్టర్ల పిల్లలకని మునిసిపాల్టీ ఏటైనా ఆర్డరేసిందేటి? మా ఇంట్లోనూ ఒకటున్నాది, గోళ్ళెట్టి తమ్ముణ్ణి రక్కీసి ఒగ్గుతంది. దాన్నీ నీ క్లాసుకే మార్పించీమంటావేటి?"

"సోమవారానికి తీసేస్తాను" అన్నాను.

"ఊరికే అన్నాను బావా" అన్నాడు నా ముఖం చూసి. టీ తాగేసి లేచాడు.

ఇంటికి వస్తూ వారాలు లెక్క వేసుకున్నాను. గౌరి చెప్పిన కారణాలలో బుధవారానికి ఏదీ లేదు.

*

బుధవారం బడి వదిలాక నేరుగా ఇంటికి తీసుకొచ్చాను. దీపాలు పెట్టాక గోళ్ళు తీయకూడదని అంటుందని, వెలుతురు ఉండగానే నీళ్ళు కాచి గోరు ముంచి చూశాను. ఉప్పు వేశాను. నిమ్మచెక్క దాచి ఉంచాను. ఓడకత్తెర తుడిచి పక్కన పెట్టాను.

"ఈవేళ బుధవారం" అన్నాను.

గౌరి కాసేపు నిలబడింది. ఆలోచించింది. ఏమీ దొరకలేదు. కూర్చుని రెండు చేతులూ గిన్నెలో పెట్టింది.

గోళ్ళు నానాయి. కుడిచేయి అందుకుని, నిమ్మచెక్కతో రుద్ది, తుడిచి, బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను. చిలకమ్మ చెప్పినట్టు మరీ లోపలికి పోకుండా, అంచు కాస్త ఉంచి తీశాను. చిటికెనవేలి దాకా అయింది. అయిదు గోళ్ళూ మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగు, లేత ఎరుపు. ఎక్కడా గోరింటాకు లేదు. ఒక్కొక్కటీ నొక్కి వదిలాను. అన్నీ వెంటనే ఎర్రబడ్డాయి. ఆసుపత్రిలో ఆ డాక్టరు చూసింది ఇదేనని నాకు తెలుసు. మూడు నెలల పైనుంచి నేను ఎదురు చూస్తున్నది కూడా ఇదే. నాకు సంతోషం కలిగింది. ఆ మాట దాచకుండా రాయాలి.

"ఇప్పుడంతా కనిపిస్తోంది. ఇంక భయం లేదు. ఏదీ, ఎడంచెయ్యి."

ఆమె ఎడమచేయి నీళ్ళలోంచి తీసి గౌను మడతలో పెట్టుకుంది.

"దీపాలవేళయింది నాన్నా."

అప్పటికి ఇంకా అయిదు కాలేదు. గోడ మీద ఎండ ఉంది. అయినా నేను పట్టుబట్టలేదు. ఒక చెయ్యి అయింది కదా, రెండోది ఇంకొక రోజు తీద్దాం అనుకున్నాను. కింద పడిన ముక్కలు ఏరి, క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి, గోడ దగ్గరికి వెళ్ళి అవతలికి గట్టిగా విసిరాను. కాగితం విచ్చుకుని గాలికి పోయింది. గోడ అవతల రైలుకట్ట. పోర్టుకు ఇనుపరాయి తీసుకెళ్ళే వ్యాగన్లు ఆ దారినే పోతాయి. వాటి దుమ్ముకు అక్కడ నేలంతా ఎర్రగా ఉంటుంది.

నేను తిరిగి వచ్చేసరికి గౌరి పీట కింద చూస్తోంది.

"అవేవి?"

"ఏవి?"

"గోళ్ళు."

"బయట పారేశాను. ఇంట్లో ఉంచకూడదని మీ అమ్మే కదా అనేది."

"అవును" అంది. పుస్తకం తీసుకుని చదువుకోవడానికి కూర్చుంది.

*

మర్నాడు సాయంత్రం నేను కాపీ పుస్తకాలు దిద్దుతుంటే అసిరమ్మ గోడ మీంచి పిలిచింది.

"మేష్టరు బాబూ, మీ గుంట రైలుకట్ట కాడ ఏటో ఎతుకుతన్నాది. ఏటే అంటే బలపం పోనాదంట. అయిదో క్లాసు గుంటకి బలపమేటి బాబూ?"

నేను లేచి వెళ్ళాను. నిన్నటి నుంచి లోపల ఏదో చిరాకుగా ఉంది. అది ఆవిడ మీద పడింది.

"దానికి ఈ వారాలూ వర్జ్యాలూ నూరిపోసింది నువ్వే కదా అసిరమ్మా. గోళ్ళు తీస్తానంటే రోజుకొక వంక చెబుతోంది. బళ్ళో నా పరువు పోయింది."

అసిరమ్మ చేతులు తోముకోవడం ఆపింది.

"ఓలమ్మ! నానా? నానేటి సెప్పినాను బాబూ? దసరాకి ముందు అదే నా కాడికొచ్చి, మామ్మా, గోళ్ళు ఏ వారం తియ్యకూడదూ అనడిగినాది. మంగళారం, శుక్కురారం అన్నాను. ఇంకా? అంది. పుట్నవారం అన్నాను. ఇంకా? అంది. ఇంకెక్కడివే, వారానికి ఏడేగదే రోజులూ అన్నాను. అదెందుకడుగుతందో నాకు తెలీనేదు. తరవాతొకనాడు నా పక్కన కూకుని, సేతులు సూపించి, మామ్మా, మా అమ్మెట్టిన గోరింటాకు ఇంకా ఇంతే ఉన్నాది అన్నాది. అప్పుడు తెలిసినాది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"తమరు మేష్టరు బాబూ. గోళ్ళు సూసీదే తమరి పని. తమరికి అగుపడనేదని నానెలగనుకుంతాను?"

గోడ అవతల గౌరి కనిపిస్తోంది. కట్ట వాలులో గొంతుకూర్చుని చీపురుపుల్లతో మట్టి కదుపుతోంది. ఒకచోట అయ్యాక కొంచెం పక్కకు జరుగుతోంది. తీరుగా, వరసగా వెతుకుతోంది. నేల ఎరుపు, ఆమె వెతికేదీ ఎరుపే.

నేను చుట్టూ తిరిగి కట్ట దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి చీపురుపుల్ల కింద పడేసింది.

"బలపం" అంది.

"బలపం కాదని నాకు తెలుసమ్మా" అన్నాను. పక్కన గొంతుకూర్చున్నాను. ఇద్దరం వెతికాం. కాగితం ముక్క దొరికింది. తేదీల గడులున్న కాగితం. అందులో ఏమీ లేదు. అంతలో వ్యాగన్లు వచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకుని గోడ దాకా జరిగాను. బండి చాలా పొడవుంది. అది వెళ్ళిపోయేసరికి మేం కదిపిన చోటు మీద కొత్త దుమ్ము పడింది. ఇంక వెతకడానికి లేదని ఇద్దరికీ తెలిసింది. గౌరి ఏడవలేదు. నా చేతిలో ఉన్నది ఆమె ఎడమచేయి. దాన్ని విప్పి చూశాను. అయిదు గోళ్ళు. ఒక్కొక్క దాని చివర సన్నగా ఎరుపు.

"నాన్నా, గోరింటాకు ఎర్రగా అయితే పండింది అంటారు కదా."

"అవును."

"గోరు పెరిగిపోయి అది అయిపోతే ఏటంటారు?"

దీపం ఆరితే కొండెక్కిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఇటువంటివి పిల్లల చేత రాయించేవాణ్ణి నేను. ఈ ప్రశ్నకు నా దగ్గర మాట లేదు.

"తెలియదమ్మా" అన్నాను. "కనుక్కుని చెబుతాను."

తర్వాత ఆమెకు ఆసుపత్రి సంగతి చెప్పాను. అప్పటిదాకా చెప్పలేదు. డాక్టరు అమ్మ గోరు నొక్కి చూసిన సంగతి, నన్ను అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. అందుకే వారం వారం నీ గోళ్ళ అడుగున రంగు చూస్తున్నానని, ఎరుపు పోతున్న కొద్దీ నాకు ధైర్యంగా ఉండేదని చెప్పాను. నువ్వు ఆ ఎరుపునే చూసుకుంటున్నావని నాకు తెలియలేదన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాలేదు.

ఆమె విని, నా బొటనవేలు పట్టుకుని గోరు నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"నీకు రంగు బాగానే వస్తంది" అంది.

*

సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలు చేతులు బల్లల మీద పెట్టారు. నేను వరసల్లోకి వెళ్ళకుండా నల్లబల్ల దగ్గరే నిలబడ్డాను. ఇంటి సంగతి తరగతిలో మాట్లాడడం నాకు అలవాటు లేదు. కాని జోగమ్మకు నేను జవాబు బాకీ ఉన్నాను.

"గౌరి కుడిచేతి గోళ్ళు తీశాం. ఎడమచేతి గోళ్ళ మీద వాళ్ళమ్మ పెట్టిన గోరింటాకు ఇంకా కొంచెం ఉంది. అవి ఎప్పుడు తీయాలో గౌరి చెబుతుంది. అంతదాకా నేను వాటి పొడవు చూడను. మీ ఎవరి గోళ్ళ పొడవూ చూడను. మురికి మాత్రం చూస్తాను. మురికి ఉంటే గౌరి అయినా కుళాయి దగ్గరికి వెళ్ళవలసిందే."

ఎవరూ నవ్వలేదు. జోగమ్మ తన చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె గోళ్ళు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. జోగమ్మ గౌరి ఎడమచేతిని లాక్కుని తన చేతిలో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ తిప్పి చూసింది. నేను చూసే పద్ధతిలోనే చూసింది.

"బొటనేలు కింద కొంచెం ఉన్నాదండీ" అంది.

గౌరి లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. జోగమ్మ కూడా వెనకే వెళ్ళింది. నేను వెళ్ళమనలేదు, ఆగమనీ అనలేదు. కుళాయి దగ్గర ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకోవడం వినిపించింది. అప్పుడు తక్కిన చేతులు చూడడానికి వెళ్ళాను.

ఇంటర్వెల్లో జగ్గారావు వచ్చి కూర్చున్నాడు. సంగతి అతనికి అప్పుడే తెలిసిపోయినట్టుంది.

"బావా, మా ఇంట్లోదానికి సెప్పీసేను. నీకు పర్మిషన్ లేదే, బేగి తీయించీసుకో అని." గ్లాసు కింద పెట్టి, "పోయినేడు నీ సిటికినేలి గోరింటాకు సూసి నవ్వేను. అదిప్పుడు తలపుకొచ్చినాది" అన్నాడు.

"గుర్తుంది" అన్నాను.

*

కార్తీకం చివరికి వచ్చింది. ఆదివారాలు మళ్ళీ పెరటి గుమ్మంలో పీట వేస్తున్నాం. గౌరి గోరు ముంచి వేడి చూస్తుంది. ముందు నా చేతులు నానబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, గుడ్డతో చర్మం వెనక్కి ఒత్తి, గోళ్ళు తీసి నూనె రాస్తుంది. చాక్‌పీసు పగుళ్ళు కొంచెం తగ్గాయి. "చేతులు చూడు నాన్నా, నల్లబల్ల గుడ్డ నయం" అంటుంది. తల్లి మాటే. తల్లి యాసను నేను దిద్దేవాణ్ణని తెలుసు కనుక, సరిగ్గా పలికి అంటుంది. ఆ దిద్దడం ఎందుకు చేశానా అనిపిస్తుంది.

తర్వాత ఆమె కుడిచేతి గోళ్ళు నేను తీస్తాను. ఎడమచేతికి కత్తెర తగలనివ్వను. వేపపుల్లతో గోటి కింద శుభ్రం చేసి, కడిగి, తుడిచి, నూనె రాసి ఇచ్చేస్తాను. అవి చాలా పొడవు పెరిగాయి. అన్నం కలుపుకోవడం కుడిచేత్తోనే కనుక ఇబ్బంది లేదంటుంది. రాత్రి పడుకునేటప్పుడు ఆ చేతికి పాత గుడ్డ చుట్టుకుంటుంది. పోయిన గురువారం తలుపు గడియకు తగిలి బొటనవేలి గోరు విరిగింది. ఆ ముక్క ఏం చేసిందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఇంట్లో ఉంచకూడదన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఆమె అడిగిన మాట కోసం బడిలో ఉన్న నిఘంటువు చూశాను. తోటి మేష్టర్లను అడిగాను. అసిరమ్మను కూడా అడిగాను. "దానికి మాటెందుకు బాబూ, వచ్చే ఆసాడానికి మళ్ళీ ఎట్టుకుంతారుగదా" అంది. వచ్చే ఆషాఢంలో ఆకు తెచ్చి రుబ్బాలి. ఎంత రుబ్బాలో, ఎంతసేపు ఉంచాలో నాకు తెలియదు. అది అసిరమ్మను అడిగి నేర్చుకోవాలి.

మాట ఇంకా దొరకలేదు. ఎడమచేతికి నాలుగు గోళ్ళు తీయవలసి ఉన్నాయి.